కాదనే హక్కు లేని చోట

ఉయిగుర్ ముస్లింల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభలలో, మన పత్రికలలో వినిపించే మాటలు దాదాపు ఒకటే. మస్జిదుల గుమ్మటాలు తొలగించారు, గడ్డాలు గీయించారు, ముసుగులు తీయించారు, రోజాలు మానిపించారు. ఇవన్నీ జరిగినవే. వీటిని ఖండించడం మన బాధ్యతే. అయితే మన మాట ఈ జాబితా దగ్గరే ఆగిపోవడం వలన ఒక పెద్ద విషయం మరుగున పడిపోతున్నది. చైనా ప్రభుత్వం షిన్‌జియాంగ్‌లో మస్జిదు లోపలికి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే పొలంలోకి, దుకాణంలోకి, వంటింట్లోకి వచ్చింది. ముందు జీవనోపాధిని చేజిక్కించుకున్నది. ఆరాధన మీద అదుపు ఆ తరువాత తేలికయింది.

ఈ వరుసను గుర్తించకపోతే చైనాను సమర్థించేవారి ప్రధాన వాదనకు మన దగ్గర సమాధానం ఉండదు. వారు మాట్లాడేది మస్జిదుల గురించి కాదు, మెతుకుల గురించి. రోడ్లు వేశాము, ఫ్యాక్టరీలు పెట్టాము, పేదరికం పోగొట్టాము, పని నేర్పి జీతం ఇప్పించాము, ఇక ఫిర్యాదు దేనికని అడుగుతారు. కూలిన గుమ్మటం ఫోటో చూపించి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేము. మా జవాబు వేరు. ఇచ్చిన పనిని వద్దనే వీలు ఆ మనిషికి ఉన్నదా లేదా? వద్దంటే పోలీసు వచ్చే చోట దానిని ఉపాధి అనకూడదు.

1949లో కమ్యూనిస్టు సైన్యం ప్రవేశించిన నాటికి ఆ ప్రాంత జనాభాలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఉయిగుర్లు. హాన్ చైనీయులు నూటికి ఆరేడుగురు. 2020 జనగణన నాటికి ఉయిగుర్లు 45 శాతం, హాన్లు 42 శాతం. వలస వెళ్ళడం నేరం కాదు. మన తెలుగువారు మాత్రం ఎక్కడికి వలస వెళ్ళలేదు? కానీ ఇది బ్రతుకుతెరువు వెతుక్కుంటూ సాగిన వలస మాత్రమే కాదు. సైన్యం నుంచి విడుదలైన సిపాయిలతో 1954లో ప్రభుత్వం ‘షిన్‌జియాంగ్ ఉత్పత్తి, నిర్మాణ దళం’ అనే సంస్థను నెలకొల్పింది. చైనా భాషలో క్లుప్తంగా బింగ్‌తువాన్ అంటారు. దీనికి పొలాలున్నాయి, కాలువలున్నాయి, మిల్లులున్నాయి, కంపెనీలున్నాయి. వాటితో పాటే సొంత పోలీసులు, న్యాయస్థానాలు, జైళ్ళు, విశ్వవిద్యాలయం, పత్రికలు ఉన్నాయి. షీహెజి వంటి పట్టణాలు పూర్తిగా దాని పాలనలోనే నడుస్తాయి. 1975లో రద్దు చేసి 1981లో మళ్ళీ పునరుద్ధరించారు. ఎడారి మధ్య తారిమ్ నది నీటిని ఎగువన సేద్యానికి మళ్ళించగా దిగువ భాగం ఎండిపోయింది. భూస్వామి, గుత్తేదారు, పోలీసు, జడ్జి నలుగురూ ఒక్కరే అయినప్పుడు రైతు ఎవరికి మొరపెట్టుకోవాలి?

1990లలో ఈ ప్రాంతానికి ‘ఒక నలుపు, ఒక తెలుపు’ అనే ఆర్థిక వ్యూహం నిర్ణయించారు. నలుపు అంటే చమురు, తెలుపు అంటే పత్తి. నేడు చైనా పండించే పత్తిలో పదింట దాదాపు తొమ్మిది వంతులు, ప్రపంచ పత్తిలో సుమారు ఐదో వంతు అక్కడి నుంచే వస్తున్నది. అందులో దాదాపు మూడో వంతు బింగ్‌తువాన్‌ది. ఏ భూమిలో ఎంత పత్తి వేయాలో అధికారి చెప్పడం, ఆ పంటను ప్రభుత్వానికే, ప్రభుత్వం చెప్పిన ధరకే అమ్మాలనడం ఏళ్ళ తరబడి సాగింది. ఆదిలాబాదు, గుంటూరు రైతులకు పత్తి కష్టాలు కొత్త కావు. నకిలీ విత్తనం, గులాబి రంగు పురుగు, తేమ పేరుతో యార్డులో ధర కోత, తీరని అప్పు అన్నీ మనకు తెలుసు. అయినా ఈ ఏడు పత్తి మాని కంది వేద్దామని మన రైతు అనుకుంటే అడ్డం నిలబడే కోటా అధికారి మనకు లేడు.

కోటాతో పాటు ‘హషర్’ కూడా ఉండేది. మధ్య ఆసియా ముస్లిం పల్లెలలో హషర్ అంటే ఇరుగుపొరుగు ఇష్టపూర్వకంగా కలిసి ఒకరి ఇల్లు కట్టిపెట్టడం, కాలువ పూడిక తీయడం. మంచి ఆచారం. ప్రభుత్వం ఆ పేరునే వాడుకుని, రైతులను రోజుల తరబడి కూలి ఇవ్వకుండా రోడ్ల పనికి, కాలువ పనికి తోలింది. తెలంగాణ పల్లెలలో దీనిని వెట్టి అనేవారు. దేశ్‌ముఖులు, జాగీర్‌దార్లు చేయించినప్పుడు దానిపై పోరాడిన ఎర్రజెండా, అదే పని ఎర్రజెండా ప్రభుత్వం చేయించినప్పుడు ఎందుకు మౌనం వహించిందో మన వామపక్ష మిత్రులు చెప్పవలసి ఉన్నది.

2016 ఆగస్టులో చెన్ ఛ్వాన్‌గ్వో టిబెట్ నుంచి బదిలీపై వచ్చి అక్కడి పార్టీ కార్యదర్శి అయ్యాడు. అప్పటి నుంచి పట్టు బిగిసిన తీరును దైనందిన జీవితం నుంచే చూద్దాం. వీధి వీధికీ చిన్న పోలీసు ఠాణాలు వెలిశాయి. పెట్రోలు పోయించుకోవాలంటే గుర్తింపు కార్డు, ముఖం రెండూ యంత్రానికి చూపాలి. ఇంటి తలుపు పక్కన చదరపు సంకేత ముద్ర. దానిని ఫోనుతో చదివితే లోపల ఎవరెవరు ఉంటారో అధికారికి తెలుస్తుంది. కబాబు దుకాణంలో, మాంసం కొట్టులో కత్తిని గొలుసుతో బల్లకు కట్టివేయాలి. అక్సులో కత్తి రేకు మీదే యజమాని వివరాలతో ముద్ర చెక్కించాలన్నారు. కసాయి వృత్తిలో ఉన్న మన ఖురేషీ సోదరులు ఒక్క క్షణం ఊహించుకోండి: రోజుకు నూరుసార్లు చేతపట్టే కత్తి పోలీసు దస్త్రంలో నమోదై, గొలుసుకు వేలాడుతూ ఉంటుంది.

ఈ సమాచారమంతా ఒక కంప్యూటర్ వ్యవస్థలో పోగుపడుతుంది. పోలీసులు వాడే దాని యాప్‌ను హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ విప్పి పరిశీలించి 2019 మేలో నివేదిక ప్రచురించింది. ఇంట్లో మామూలుకన్నా ఎక్కువ కరెంటు వాడడం, పొరుగువారితో కలవకపోవడం, ముందు తలుపు మాని తరచూ వేరే దారిన రావడం, మస్జిదుకు ఉత్సాహంగా చందాలు పోగుచేయడం, ఇవన్నీ అనుమానపు గుర్తులే. అంతకు ముందే, 2014లో, ‘తీవ్రవాద లక్షణాలు’ అంటూ ప్రచారం చేసిన 75 అంశాలలో ఉన్నట్టుండి సిగరెట్టు, మద్యం మానేయడం ఒకటి. ఇంట్లో ఎక్కువ ఆహారం నిల్వ చేయడం మరొకటి. తాగుడు మానేసిన భర్తను చూసి సంతోషించవలసిన ఇల్లాలు భయపడవలసిన రోజు వచ్చిందన్నమాట. 2015లో హోతన్ ప్రాంతంలోని ఒక గ్రామంలో ముస్లిం దుకాణదారులందరూ మద్యం, సిగరెట్లు కొట్టపడేటట్టు పెట్టి అమ్మాలని, లేకుంటే దుకాణం మూయిస్తామని ఉత్తర్వు వేశారు. వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ అక్కడ లేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? హరామ్ అని నమ్మిన వస్తువును అమ్మకుండా ఉండే స్వేచ్ఛ కూడా లేదు.

2017 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ‘తీవ్రవాద నిర్మూలన నిబంధనలు’ ఈ పద్ధతినంతా చట్టంగా మార్చాయి. ప్రభుత్వ రేడియో, టెలివిజన్ వంటి ‘ప్రజా సేవలను’ నిరాకరించడం తీవ్రవాదం. హలాల్ అనే భావనను ఆహారం దాటి ఇతర వస్తువులకు వర్తింపజేయడం తీవ్రవాదం. పిల్లలను ప్రభుత్వ బడికి పంపకపోవడం తీవ్రవాదం. జాగ్రత్తగా చదివితే ఆ జాబితాలో కొన్ని అంశాలు చేసిన పనుల గురించి కాదు, వద్దన్న పనుల గురించి. అదే ఏడాది ఇస్లాం, ఖుర్ఆన్, మక్కా, మదీనా, హజ్ వంటి పేర్లు శిశువులకు పెట్టరాదన్నారు. పెడితే కుటుంబ నమోదు పుస్తకంలో బిడ్డ పేరు ఎక్కదు. ఆ నమోదు లేకుంటే బడి లేదు, వైద్యం లేదు. పేరు మీద నిషేధాన్ని మతపరమైన అవమానంగా మనం చదివాము. అది బియ్యం కార్డు లాంటి దాని మీద పెట్టిన కత్తెర అని కూడా చదవాలి.

ఇక అతిథుల సంగతి. 2016లో మొదలైన ‘బంధుత్వ’ పథకం కింద పది లక్షలకు పైగా ప్రభుత్వ ఉద్యోగులకు ముస్లిం కుటుంబాలను అంటగట్టారు. 2018 నుంచి రెండు నెలలకొకసారి కనీసం ఐదు రోజులు ఆ ‘బంధువు’ వచ్చి ఇంట్లో ఉండాలి. అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి, ఇంట్లో ఎవరు నమాజు చేస్తున్నారో, ఎవరు ఏమి మాట్లాడుతున్నారో రాసి పంపాలి. మెహమాన్ వస్తే బరకత్ అనుకునే జాతి మనది. పిలవని మెహమాన్ డైరీ తెరిచి కూర్చుంటే, పిల్లవాడు అలవాటు కొద్దీ భోజనానికి ముందు ‘బిస్మిల్లాహ్’ అంటాడేమోనని తల్లి వణికిపోయే ఇల్లు అది.

నిర్బంధ శిబిరాల గురించి పాఠకులకు తెలుసు. పది లక్షలు, అంతకు మించి కూడా అందులో ఉంచారని అంచనా. 2018 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి కమిటీ ముందు అలాంటివి లేనే లేవన్న చైనా, రెండు నెలలు తిరగకుండానే చట్టం సవరించి వాటికి ‘వృత్తి శిక్షణ కేంద్రాలు’ అని పేరు పెట్టింది. అక్కడున్న వారందరూ ‘ఉత్తీర్ణులయ్యారని’ 2019 డిసెంబరులో ప్రకటించింది. తరువాత వారు ఏమయ్యారు? కొందరు దీర్ఘకాలపు జైలుశిక్షలకు వెళ్ళారు, కొందరు ఫ్యాక్టరీలకు వెళ్ళారు. ఇక్కడే మా అసలు వాదన.

2014 నుంచి 2019 వరకు ఏటా సగటున 12.9 లక్షల మందికి ఉపాధి శిక్షణ ఇచ్చామని చైనా ప్రభుత్వమే 2020 సెప్టెంబరు నాటి శ్వేతపత్రంలో రాసుకున్నది. అక్సు, హోతన్, కాష్గర్ మూడింటిలోనే 2018లో కనీసం 5.7 లక్షల మందిని పత్తి ఏరడానికి తరలించారని ప్రభుత్వ పత్రాల ఆధారంగా పరిశోధకులు లెక్కగట్టారు. 2017, 2019 మధ్య 80,000 మందికి పైగా ఉయిగుర్లను ఇతర రాష్ట్రాల ఫ్యాక్టరీలకు పంపారని ఆస్ట్రేలియాలోని ఒక పరిశోధనా సంస్థ 2020 మార్చిలో వెల్లడించింది. వారికి జీతం ఇచ్చి ఉండవచ్చు. కొందరి ఇంట డబ్బు కనిపించి ఉండవచ్చు. ఆ మాటను మేము కాదనము. కానీ తరలింపుకు మనుషులను ఎంపిక చేసేది గ్రామంలో తిష్ఠ వేసిన పార్టీ బృందం. వెళ్ళనన్నవారి ‘సోమరి ఆలోచనను’ మార్చాలని అధికార పత్రాలే చెబుతాయి. పక్కింటివాడు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకున్న పాపానికి శిబిరానికి పోయిన ఊరిలో, ఆ బృందం ముందు నిలబడి ‘నా ముసలి తల్లిని విడిచి రాలేను’ అనగల ధైర్యం ఎవరికి ఉంటుంది? పాస్‌పోర్టు మాట మేము కల్పించింది కాదు. 2020లో బయటపడిన కరాకాష్ జాబితాలో నిర్బంధానికి కారణాలుగా గడ్డం, ముసుగు, ఎక్కువ మంది పిల్లలు వీటి పక్కనే అదీ రాసి ఉన్నది.

జీవనోపాధి ప్రశ్న ప్రభుత్వానికి ఎంత ప్రమాదకరంగా తోచిందో ఇల్హామ్ తోహ్తీ జీవితమే చెబుతుంది. ఆయన ఆలిమ్ కాదు, ఉద్యమ నాయకుడు కాదు, విడిపోవాలన్నవాడు అసలే కాదు. బీజింగ్‌లోని జాతుల విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించేవాడు. ఉయిగుర్ యువకులకు ఉద్యోగాలు ఎందుకు రావడం లేదు, స్వయంప్రతిపత్తి చట్టం కాగితం మీదే ఎందుకు ఉన్నది అని లెక్కలతో అడిగాడు. చైనా రాజ్యాంగంలో ఉన్నదే అమలు చేయమన్నాడు. 2014 జనవరిలో అరెస్టు చేశారు. సెప్టెంబరులో వేర్పాటువాద నేరం కింద యావజ్జీవ ఖైదు వేసి, ఆస్తినంతా జప్తు చేశారు. 2019లో యూరప్ పార్లమెంటు ఆయనకు సఖరోవ్ బహుమతి ఇచ్చినప్పుడు కుమార్తె వెళ్ళి అందుకున్నది.

ఇది హాన్ ప్రజలకూ ముస్లింలకూ మధ్య తగాదా అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. ఇదే పార్టీ 1958లో ప్రజా కమ్యూన్లు పెట్టి రైతు ఇంటి పొయ్యి ఆర్పించి సామూహిక వంటశాలలకు తోలినప్పుడు, ఆ తరువాతి కరవులో కోట్ల మంది చనిపోయారు. వారిలో అత్యధికులు హాన్ రైతులే. 2022 నవంబరులో, వంద రోజులకు పైగా కొవిడ్ ఆంక్షలలో ఉన్న ఉరుంచి నగరంలో ఒక భవనం అంటుకుని ఉయిగుర్లు చనిపోయారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదిమంది. అప్పుడు షాంఘై, బీజింగ్ వీధులలో తెల్లకాగితాలు పట్టుకుని నిలబడినవారిలో హాన్ యువతీయువకులు ఎందరో. వారిని మరచిపోవడం కృతఘ్నత.

మనలోనే కొందరు ఇదంతా అమెరికా ప్రచారమని కొట్టివేస్తారు. అమెరికా మీద వారి అపనమ్మకంలో మాకూ భాగమున్నది. 22 మంది ఉయిగుర్లను గ్వాంటనామో జైలులో ఏళ్ళ తరబడి బంధించింది అమెరికాయే. చివరి ముగ్గురు బయటపడింది 2013 డిసెంబరులో. అయితే మేము పైన చెప్పిన వాటిలో ఎన్నో చైనా చట్టాలు, చైనా శ్వేతపత్రాలు, చైనా జనాభా లెక్కల నుంచి వచ్చినవి. ఆ లెక్కల ప్రకారమే షిన్‌జియాంగ్‌లో జననాల రేటు 2017, 2019 మధ్య రెండేళ్ళలో సగానికి పడిపోయింది. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న, ఇవి మానవత్వంపై నేరాలు కావచ్చునని చెప్పింది. గాజా విషయంలో అదే కార్యాలయం మాటను మనం ప్రమాణంగా చూపుతున్నాము. ఒకచోట సాక్ష్యమైనది మరొకచోట కుట్ర ఎలా అవుతుంది?

అంతకన్నా బాధించేది ముస్లిం పాలకుల వైఖరి. 2019 జూలైలో చైనాను మెచ్చుకుంటూ 37 దేశాలు సంతకం చేసిన లేఖలో సౌదీ అరేబియా, పాకిస్తాన్, ఈజిప్టు, ఎమిరేట్స్ ఉన్నాయి. 2022 అక్టోబరులో మానవ హక్కుల మండలిలో ఈ నివేదికపై కనీసం చర్చించాలన్న ప్రతిపాదన 17-19 తేడాతో వీగిపోయింది. ఇండోనేషియా, పాకిస్తాన్, ఖతర్, ఎమిరేట్స్ చర్చే వద్దన్నాయి. మలేషియా, మన భారతదేశం ఓటింగుకు దూరంగా ఉన్నాయి. చర్చకు అనుకూలంగా ఓటు వేసిన ఒకే ఒక్క ముస్లిం దేశం సోమాలియా, అన్నిటిలోకీ పేదది. ఈ పాలకులు ఒక సంగతి తెలుసుకోవాలి. షిన్‌జియాంగ్ పోలీసుల వద్ద 26 ‘సున్నిత దేశాల’ జాబితా ఒకటి ఉన్నది. ఆ దేశాలకు వెళ్ళివచ్చినా, అక్కడి బంధువుకు ఫోను చేసినా ఉయిగుర్ అనుమానితుడే. ఆ జాబితాలో సౌదీ ఉన్నది, పాకిస్తాన్ ఉన్నది, ఈజిప్టు, ఇండోనేషియా, ఎమిరేట్స్ అన్నీ ఉన్నాయి. తమ దేశం పేరు పలకడమే నేరమైన చోటును ఆ పాలకులే మెచ్చుకుంటున్నారు.

చైనా మాదిరిగా చేయాలని మన దేశంలోనూ అనేవారు తయారయ్యారు. 2024 జూలైలో కాంవడ్ యాత్ర దారిలో తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలని ఉత్తరప్రదేశ్‌లో ఉత్తర్వు వచ్చింది. ఎవరి కడుపు మీద కొట్టడానికో అందరికీ తెలుసు. ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు జూలై 22న నిలిపివేసింది. కాష్గర్ దుకాణదారుకు అలాంటి కోర్టు లేదు, వకీలు లేడు, ఈ వ్యాసం అచ్చువేసే పత్రిక లేదు. ఈ తేడాను చిన్నచూపు చూసి రెండూ ఒకటేననేవారితో మేము ఏకీభవించము. ఉన్న కోర్టును, ఉన్న పత్రికను వాడుకోవడం మన పని.

కాబట్టి మన సంఘాలను, మన పెద్దలను ఒకటి కోరుతున్నాము. ఇరాన్, తుర్కియే, ఎమిరేట్స్ కాన్సులేట్లు హైదరాబాదులోనే ఉన్నాయి. ఇఫ్తార్ విందులకు వారిని పిలుస్తాము, వారు పిలిస్తే మనమూ వెళ్తాము. గల్ఫ్‌లో మన బిడ్డల ఉద్యోగాలున్నాయి కనుక నోరు మెదపరాదనే సంకోచం మాకు అర్థమవుతుంది. మర్యాదగా రాసిన ఒక విజ్ఞాపన వలన ఎవరి వీసా రద్దు కాదు. అందులో మస్జిదుల మాటతో పాటు పత్తి చేల మాట, తరలింపుల మాట ఉండాలి. ఇల్హామ్ తోహ్తీని కుటుంబం 2017 నుంచి చూడలేదు. ఆయనను కలిసే అవకాశం ఇప్పించాలని అడగాలి. ఉత్తరం ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ రాసి, తెలుగు ప్రతిని పత్రికలన్నిటికీ పంపాలి.